నూట నలభై గీత

పోయిన వారం రూబీని గిద్దలూరులో, జీవన్ కుమార్ నెట్ సెంటర్ మెట్ల మీద, మే నెల మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టి వదిలేశాం. తొమ్మిదేళ్లు కువైట్ ఎండకు కాగి వచ్చిన మనిషి కాబట్టి తట్టుకుంది. కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. భర్త ఏబేలు జబ్బుచేసి పోయాక, మూడేళ్ల కూతురు జెస్సీని అన్న పాల్ రాజు చేతుల్లో పెట్టి రూబీ కువైట్‌కు ఇంటిపనికి వెళ్లింది. అన్న, వదిన ప్రశాంతి ఆ పిల్లను కన్నబిడ్డలా పెంచారు. ఎంత కన్నబిడ్డలా అంటే, బడిలో చేర్చేటప్పుడు తల్లి సంతకం కావాలంటే ప్రశాంతే పెట్టింది. ఆ రోజు నుంచి కాగితాల్లో జెస్సీకి తల్లి ప్రశాంతే. వాళ్ల కొడుకు క్రాంతి కుమార్ రూబీని ఎలా పిలుస్తాడో, జెస్సీ కూడా అలాగే పిలుస్తుంది. అత్తా అని.

మరి కన్నతల్లి ఎవరో ఆ పిల్లకు తెలియదా? తెలుసు. ఊరందరికీ తెలిసిన సంగతి ఆమెకొక్కదానికే తెలియకుండా ఎలా ఉంటుంది? తెలియడం వేరు, పిలవడం వేరు.

రూబీ తిరిగి వచ్చి నలభై రోజులైంది. సెలవులు అయిపోయేలోగా అందరినీ హైదరాబాదు అవతల గగన్ విహార్ పార్కుకు నాలుగు రోజులు తీసుకుపోతానని మాట ఇచ్చింది. ఇంట్లో అందరూ సరదా కోసం అనుకున్నారు. కువైట్‌లో యజమానురాలు ఏడాదికి రెండుసార్లు పిల్లలతో అలాంటి పార్కుకు వెళ్లేది. రూబీ కింద బల్ల మీద కూర్చుని, వాళ్ల చెప్పులు ఒళ్లో పెట్టుకుని, గాల్లో తిరిగే పెద్ద రైల్లో పైనుంచి తల్లీబిడ్డలు ఒకరినొకరు కరుచుకుని కేకలు వేస్తూ దిగడం చూసేది. ఎప్పటికైనా జెస్సీతో అలా ఒక్కసారి దిగాలని అప్పుడే అనుకుంది. కానీ ఆమె అసలు ఆశ ఆ రైలు మీద కాదు. అక్కడ మూడు రాత్రులు గదిలో పడుకోవాలి. ఇంట్లో జెస్సీ ప్రశాంతి పక్కన పడుకుంటుంది. రూబీ పంచలో తల్లి ఏసమ్మ మంచం పక్కన చాప వేసుకుంటుంది. మూడంటే మూడు రాత్రులు కూతురు తన పక్కన పడుకుంటే చాలని ఆమె ఆశ.

జీవన్ కుమార్ కుర్చీ చూపించి, కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు.

"టిక్కెట్టంటే ఒక టిక్కెట్టు కాదక్కా, దాంట్లో శానా రకాలుండాయి. రోజు టిక్కెట్టు తీసుకుంటే పొద్దున్నే లైన్‌లో నిలబడాల, నాలుగు రోజులూ అంతే. మీకు ఫ్యామిలీ పాస్ మేలు. పెద్దోళ్లిద్దరు, పిల్లలిద్దరు. నాలుగు రోజులకీ ఒకటే పాస్, చేతికి ఒకే రంగు పట్టీలు, పడుకోడానికి ఒక గది."

"మేము అయిదుగురం. అమ్మ రానంటాంది. మేకల్ని ఎవరు చూస్తారంటాది."

"ఆఁ, అయితే చక్కగా సరిపోయింది. మీ అన్నోళ్లు నలుగురు పాస్‌లో. ఇంకొకటి సింగిల్. సింగిల్‌కు గదియ్యరు, ఆడోళ్ల హాల్లో మంచమిస్తారు." అంతవరకు చకచకా చెప్పినవాడు ఆగి, తెర మీదనుంచి కళ్లు తిప్పకుండా అడిగాడు. "సింగిల్ ఎవరక్కా?"

రూబీ తెర వైపు వంగింది. "ఇద్దరికి గది ఉండే టిక్కెట్టు లేదా?" అంది.

"జంట పాస్ ఉండాది. మొగుడూ పెళ్లామే కానక్కర్లా, పెద్దోళ్లు ఏ ఇద్దరైనా సరే."

"ఒక పెద్దమనిషి, ఒక పిల్ల?"

జీవన్ కుమార్ తల గోక్కున్నాడు. వాడిదీ రూబీ ఊరే, సంగతులన్నీ తెలుసు. "చిన్నపిల్లల్ని జంటలో తీసుకోరక్కా. పిల్లల టిక్కెట్టుకు తల్లో తండ్రో ఎంట ఉండాల, కాగితంలో ఆ పేరుండాల." రూబీ ముఖం చూసి గబగబా అందుకున్నాడు. "కానీ పిల్లలంటే వయసు చూడరు. ఎత్తు చూస్తారు. నూట నలభై సెంటీమీటర్లు దాటితే పెద్దోళ్ల కిందే లెక్క. అప్పుడు ఏ కాగితమూ అడగరు. పాప ఎంత ఎత్తు?"

పన్నెండేళ్ల కూతురు ఎంత ఎత్తు ఉందో రూబీకి తెలియదు. ఏటా కువైట్ నుంచి గౌన్లు పంపేది. అక్కడి యజమానురాలి కూతురిది అదే వయసు కాబట్టి ఆ పిల్ల కొలతకే కొనేది. ఒక్కటంటే ఒక్కటి జెస్సీకి సరిపోలేదని మొన్న పెట్టె సర్దుతుంటే తెలిసింది. అన్నిటికీ ప్రశాంతి కుట్టు విప్పి మళ్లీ కుట్టిన గుర్తులు ఉన్నాయి.

"సాయంత్రం లోపల కొలిచి ఫోన్ చెయ్యక్కా. ఆఫర్ ఈ రోజుతో సరి," అని జీవన్ కుమార్ టిక్కెట్ల వివరాలున్న కాగితం తీసి చేతిలో పెట్టాడు.

బేస్తవారిపేట వైపు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని రూబీ ఆ కాగితం మడత విప్పడం, మళ్లీ మడవడం చేస్తూనే ఉంది. బస్సు ఎక్కిన ప్రతి ఆడపిల్లనూ, నూట నలభై ఉంటుందనిపించిన తలుపు కమ్మీతో పోల్చి చూసింది. పన్నెండేళ్ల పిల్లలు చాలామంది ఆ కమ్మీ దాటారు. నా బిడ్డ ఎందుకు దాటి ఉండదు, ఏబేలు ఆరడుగుల మనిషి కదా అనుకుంది. తొమ్మిదేళ్లలో పిల్ల ఎంత ఎదిగిపోయిందో అని ఎన్నోసార్లు ఏడ్చిన మనిషి, ఆ రోజు బస్సులో కూర్చుని, ప్రభువా, ఇంకొక్క వేలెడు ఎక్కువ ఎదిగి ఉండాలి అని ప్రార్థన చేసుకుంది.

ఇంటికొచ్చి కాగితం చదివి వినిపిస్తుంటే అందరూ చుట్టూ చేరారు. అదనంగా డబ్బు కడితే లైన్‌లో నిలబడకుండా ముందుకు పోవచ్చనే టిక్కెట్టు సంగతి విని ఏసమ్మ నోరు నొక్కుకుంది.

"లైన్‌లో నిలబడకుండా ఉండేదానికి టిక్కెట్టా? రేషన్ అంగడి కాడ నలభై ఏండ్లు నిలబడినా. నాకెవురూ చెప్పలేదే!"

"జేజీ, నువ్వు రావు కదా, నీకెందుకు?" అన్నాడు క్రాంతి. తొమ్మిదేళ్ల వాడు. "అత్తా, పెద్ద రైలుకు నేను ముందర కూర్చుంటా. అక్క ఎనక."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట! టిక్కెట్టే తియ్యలేదు, వీనికి ముందర సీటు!" అంది ఏసమ్మ.

అందరూ నవ్వారు. జెస్సీ కూడా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే ప్రశాంతి, చేటలో కందిపప్పు ఏరుతూ, చాలా మామూలుగా అంది.

"మేము నలుగురం ఆ పాస్ తీసుకుంటాం. నీకొకటి విడిగా తీసుకో రూబీ. సరిపాయ."

ఆ మాటలో విషమేమీ లేదు. ఉప్పు తక్కువైంది, కాస్త వెయ్యి అన్నట్టే అంది. అందుకే రూబీకి ఎక్కువ గుచ్చుకుంది.

"జెస్సీ నూట నలభై దాటింటాది వదినా. దాటితే ఆ పాస్‌లో రాదు. నాతో జంట పాస్‌లో వస్తాది."

చేటలో ప్రశాంతి చెయ్యి ఆగింది. "దాటలేదు."

"కొలవకుండానే ఎట్ల చెప్తావు?"

"క్రిస్మస్‌కు కొలిచినా. నూట ముప్పై ఏడు." ప్రశాంతి గడ్డం ఎత్తి నడవ గుమ్మం వైపు చూపించింది. "ఆడ ఉండాది చూడు."

గుమ్మం చెక్క మీద మేకుతో గీసిన గీతలు. నలభై రోజులుగా రూబీ ఆ గుమ్మం దాటి లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంది, చూడలేదు. అన్నిటికన్నా కింది గీత ఆమె నడుముకు కాస్త కింద ఉంది. ఒక్కో క్రిస్మస్‌కు ఒక్కో గీత, పక్కన సంవత్సరం. మొత్తం తొమ్మిది. రూబీ వంగి కింది గీత మీద వేలు పెట్టింది. తను విమానం ఎక్కేటప్పుడు జెస్సీ ఇంత ఉంది. ఆ ఎత్తు ఆమెకు చేతులతో గుర్తు. నడుమును కరుచుకుంటే తల ఇక్కడికి వచ్చేది. ఆ పైన ఉన్న ఎనిమిది గీతలూ ఆమెకు కొత్తవి.

"క్రిస్మస్ అయి అయిదు నెలలాయ వదినా. ఈ వయసులో పిల్లలు వారానికొక తీరుగా పెరుగుతారు."

"పెరిగేది నాకు తెలుసు. పావడాల అంచులు విప్పేది నేనే కదా." ప్రశాంతి గొంతు లేవలేదు కానీ చేట కింద పెట్టింది. "నాలుగు రోజుల పోకకు పిల్లను నా కాడనుంచి విడదీయాల్నా రూబీ? కొత్త చోట రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తాది. అట్ల లేస్తే వీపు మీద చెయ్యేసి అట్లే ఉండాల, మాట్లాడగూడదు. మాట్లాడితే ఇంకా ఏడుస్తాది. నీకు తెలుసునా అది?"

"తెలీదు." రూబీ ఆ గీతల మీదనుంచి వేలు తీసింది. "తెలుసుకునేదానికే అడుగుతన్నా. మూడు రాత్రులు వదినా. తొమ్మిదేండ్లలో మూడు రాత్రులు."

పాల్ రాజు మంచం కోడు మీద గోటితో గీరుతూ కూర్చున్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇటు చెల్లెలు, అటు పెళ్లాం. ఆఖరుకు మేకలు అరిచినట్టున్నాయని లేచాడు. అవి అరవలేదు.

"యాడికి పోతావురా? కూచో," అంది ఏసమ్మ. "మీ ఇద్దరికీ ఎందుకు మాటా మాటా? గోడకు నిలబెట్టి కొలిస్తే పోలేదా? టేపు ఉండాది, పిల్ల ఉండాది."

"కొలిచేది నేను," అంది రూబీ.

ప్రశాంతి ఒక్క క్షణం చూసి, లేచి, కుట్టుమిషను సొరుగులోంచి టేపు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

నేల నుంచి టేపు పట్టి సరిగ్గా నూట నలభై దగ్గర రూబీ బలపంతో అడ్డంగా గీత గీసింది. ఆకుపచ్చ రంగు చెక్క మీద ఆ తెల్ల గీత కొట్టొచ్చినట్టు కనపడింది. తల మీద సమంగా ఆనించడానికి క్రాంతి తన పాత రాతిపలక తెచ్చాడు. మార్కాపురం పలక, చెక్క చట్రం ఊడిపోయింది. ముందు తననే కొలవమని వాడే వచ్చి నిలబడ్డాడు. నూట నలభై దాటితేనే పెద్ద రైలు ఎక్కనిస్తారని కాగితంలో ఉంది. వాడు ఊపిరి బిగబట్టి, మునివేళ్ల మీద లేచి, మెడ కొంగలా సాచాడు.

"మడిమలు దించరా దొంగా!" అని ఏసమ్మ చెవి పట్టుకుంది. దించితే వాడు నూట ఇరవై ఎనిమిది. మూతి ముడుచుకుని పక్కకు పోయాడు.

"రామ్మా జెస్సీ."

జెస్సీ వెంటనే రాలేదు. ఇంతసేపూ ఆ పిల్లను ఎవరూ ఏమీ అడగలేదు. ప్రశాంతి వైపు చూసింది, గుమ్మం మీది తెల్ల గీత వైపు చూసింది, అప్పుడు వచ్చి చెక్కకు వీపు ఆనించి నిలబడింది. కొబ్బరినూనె వాసన, ఎండలో ఆడి వచ్చిన చెమట వాసన. కూతురికి అంత దగ్గరగా రూబీ ఈ నలభై రోజుల్లో నిలబడలేదు. ఇంకాసేపు అలాగే ఉండాలనిపించింది. జడ పక్కకు తీసి, పలక నెమ్మదిగా తల మీద పెట్టింది.

పలక అంచు గీతకు కింద ఉంది. వేలెడు కూడా లేదు, గోరంత తేడా.

రూబీ మనసు ఉసూరుమంది. సరిగా ఆనిందో లేదో అని పలకను ఇంకొంచెం నొక్కింది. అప్పుడు తెలిసింది. పలక సన్నగా వణుకుతోంది. చేతులు తనవి, కానీ వణుకు తన చేతులది కాదు. కింది నుంచి వస్తోంది. మడిమలు నేలకు ఆనాయో లేదో చూసేదానిలా రూబీ తల వంచింది. మడిమలు ఆనే ఉన్నాయి. కానీ జెస్సీ నడిచి వచ్చేటప్పుడు కాలి పట్టీలకు పైన ఊగిన పావడా అంచు, ఇప్పుడు ఆ పట్టీలను కప్పేసి పాదాల మీద పడి ఉంది.

పావడా లోపల పిల్ల మోకాళ్లు వంచి నిలబడింది.

తమ్ముడు పెద్దవాడు కావడానికి మునివేళ్ల మీద లేచాడు. అక్క చిన్నపిల్లగా ఉండిపోవడానికి మోకాళ్లు వంచింది. వాళ్ల నలుగురిలోనే ఉండాలని, ఒకే రంగు పట్టీ కట్టుకోవాలని, వాళ్ల గదిలోనే పడుకోవాలని. రూబీతో ఒక గదిలో ఉండాల్సి వస్తుందేమోనని.

జెస్సీ కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. పెదవుల మీద చెమట బిందువులు. ఆ ముఖంలో ఏబేలు పోలిక ఎంత ఉందో రూబీకి ఇంత దగ్గరనుంచి చూస్తే గాని తెలియలేదు. మోకాళ్లు సరిగా పెట్టమ్మా అంటే చాలు. క్రాంతి మడిమలు దించినట్టే ఇదీ. అందరూ నవ్వుతారు, పిల్ల నిటారుగా నిలబడుతుంది, పలక గీత దాటుతుంది, మూడు రాత్రులు తనవి అవుతాయి. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట.

"ఎంత?" అన్నాడు పాల్ రాజు.

"నూట ముప్పై తొమ్మిది," అంది రూబీ.

పలక తీసింది. జెస్సీ పెద్దగా ఊపిరి వదిలి, ఎవరి ముఖమూ చూడకుండా పెరట్లోకి పరుగెత్తింది. పరుగెత్తుతుంటే పావడా అంచు మళ్లీ కాలి పట్టీలకు పైన ఊగింది. ఆ అంచు కుట్టిన ప్రశాంతి దానివైపే చూస్తోంది. ఆ తర్వాత రూబీ వైపు చూసింది. చేట ఒళ్లోకి తీసుకుని, ఏరిన పప్పునే మళ్లీ ఏరడం మొదలుపెట్టింది.

రూబీ జీవన్ కుమార్‌కు ఫోన్ చేసింది. "ఫ్యామిలీ పాస్ ఒకటి. సింగిల్ ఒకటి."

"ఖాయమా అక్కా? ఒకసారి చేస్తే మార్చేదానికి లేదు."

"ఖాయమే నాయనా. చెయ్యి."

పొద్దు వాలుతుండగా పాల్ రాజు ఫోన్‌కు టిక్కెట్లు వచ్చాయి. ఇంగ్లీషు చదవగలిగింది ఇంట్లో జెస్సీ ఒక్కతే. నాయన అడిగితే, తమ్ముడు భుజం మీదుగా తొంగిచూస్తుంటే, ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెబుతోంది. బయటి తిండి తేగూడదంట. తడి బట్టలతో పెద్ద రైలు ఎక్కగూడదంట. "పాస్‌లో ఉన్న పిల్లలకు గేటు కాడ చెప్పులు విప్పించి... మిషను కింద నిలబెట్టి... మళ్లీ ఎత్తు కొలుస్తారంట. నూట నలభై దాటితే..."

"దాటితే?" అన్నాడు క్రాంతి.

"దాటితే పాస్ చెల్లదంట. పెద్ద టిక్కెట్టు కొని... ఆడోళ్ల హాల్లో ఉండాలంట." చివరి మాట దాదాపు వినపడలేదు.

"మనకెందుకులే, మనం దాటలేదు కదా," అని పాల్ రాజు ఫోన్ తీసుకుని జేబులో వేసుకున్నాడు. దాటిందని ఆ ఇంట్లో తెలిసినవాళ్లు ఇద్దరో, ముగ్గురో.

రూబీ పెరట్లో మేకలకు నీళ్లు పెట్టి, తొట్టి గట్టు మీద కూర్చుంది. ఇంట్లోంచి క్రాంతి నవ్వు, గిన్నెల చప్పుడు, ఏసమ్మ గొణుగుడు వినపడుతున్నాయి. ఇంత దూరం వచ్చి, ఇంతమంది మధ్యలో కూర్చుని, కువైట్‌లో వంటగది పక్కన ఉన్న ఆ కిటికీలేని గదే నయమనిపించింది. అక్కడ ఒంటరిగా ఉన్నా ఇంటికి పోతే అంతా సర్దుకుంటుందనే ఆశ ఉండేది. ఇప్పుడు ఇంటికి వచ్చేసింది. ఇక ఎక్కడికి పోవాలని ఆశపడుతుంది?

కాలి పట్టీల చప్పుడు దగ్గరికి వచ్చి ఆగింది. జెస్సీ. ఈ నలభై రోజుల్లో పిలవకుండా ఆ పిల్ల తన దగ్గరికి రావడం అదే మొదలు. మేకపిల్ల మెడ మీద చెయ్యి వేసి, దానితోనే మాట్లాడుతున్నట్టు నిలబడింది.

"అత్తా, గేటు కాడ కొలుస్తారని నీకు ముందే తెలుసునా?"

"తెలీదమ్మా. నిజంగా తెలీదు."

జెస్సీ మేకపిల్లను వదిలి, తొట్టి గట్టు ఆ చివర కూర్చుంది. ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత చోటు ఉంది.

"నువ్వు కిందికి చూసినావు. నేను ఒకసారి కళ్లు తెరిచి చూసినా, నువ్వు నా కాళ్ల కాడ చూస్తన్నావు. నీకు తెలిసింది కదా. మళ్లా ఎందుకు చెప్పలేదు?"

రూబీ నోరు తెరిచింది. జవాబు ఒక్కటే మాట. తొమ్మిదేళ్లుగా ఆమె మోస్తున్న మాట, ఆ ఇంట్లో ఎవరూ ఆమెను పిలవని మాట. అది చెబితే ఈ పిల్ల లేచి లోపలికి పరుగెత్తుతుందేమో. చెప్పకపోతే మళ్లీ ఎప్పుడూ వచ్చి ఇలా కూర్చోదేమో.

వంటింట్లోంచి ప్రశాంతి కేక వినపడింది. "జెస్సీ! అన్నం చల్లారిపోతాంది, రామ్మా!"

జెస్సీ అటు చూసింది. కానీ లేవలేదు.